జ్ఞానమ్మకు రెండు బిందెల నీళ్లు

జ్ఞానమ్మ తెల్లవారకముందే చనిపోయింది. పదకొండైనా ఆమెకు స్నానం చేయించడానికి మెదక్‌లో మా గల్లీ మొత్తం వెతికినా రెండు బిందెల నీళ్లు దొరకలేదు. కడగకుండా శవాన్ని చర్చికి ఎలా తీసుకుపోతారు? కూతురు పెర్సిస్ ఖాళీ బిందెతో ఇల్లిల్లూ తిరిగింది. అందరం తలలు దించుకున్నాం. ఆ సిగ్గు ఇప్పటికీ నన్ను కాలుస్తోంది.

నల్లా నీళ్లు రాక తొమ్మిది రోజులు. పై గల్లీవాళ్లు మోటార్లతో నీళ్లు గుంజుతున్నారని వాళ్ల మోటార్లు పగలగొట్టాం. వాళ్లొచ్చి మావి పగలగొట్టారు. మా గల్లీ సిద్దమ్మ తల పగిలింది. మాలో మేమే కొట్టుకు చచ్చాం. ఎంత బుద్ధిలేని జనమో!

గల్లీలకు నీళ్లొదిలే వాల్వ్ తిప్పే ఎల్లం కూడా చావు చూడ్డానికి వచ్చాడు. తలకు కట్టుతోనే సిద్దమ్మ అతన్ని నిలదీసింది.

"పీనుగ ముందట అబద్ధమాడకు. నీళ్లేమైనయ్ ఎల్లం?"

ఎల్లం ఏడ్చేశాడు. "వాల్వ్ బంద్ వెట్టుమని నీళ్ల కంట్రాక్టర్ చెప్పిండక్కా. నీళ్లన్నీ ఆయన ఫంక్షన్‌హాల్ సంపుకే ఇడుస్తున్న. ఇడ్వకుంటె నౌకరీ పోతదన్నడు."

"మరి మా మోటార్లు?" చావు చూడ్డానికొచ్చిన పై గల్లీ శివమ్మ అడిగింది.

"పైపుల నీళ్లే లేవు. మోటార్లేం గుంజుతయ్?"

ఎవరమూ ఎవరి ముఖమూ చూడలేకపోయాం. శివమ్మే వచ్చి సిద్దమ్మ చెయ్యి పట్టుకుంది. "నడువుండ్రి, పోదం."

ఫంక్షన్‌హాల్ గేటు పక్కనే వాల్వ్ గుంత. రెండు గల్లీల జనం చేరారు. కంట్రాక్టర్ మదన్ మోహన్ ఉరికొచ్చాడు.

"లోపట పెండ్లి అయితున్నది. లొల్లి జెయ్యకుండ్రి. పొద్దుగూకినంక ట్యాంకర్ పంపిస్త."

"నీ ట్యాంకర్ ఎవనికి గావాలె? మా నల్లా మాకియ్యి!" సిద్దమ్మ అరిచింది.

ఎల్లం పొడుగాటి ఇనుప చావి గుంతలో దించి తిప్పాడు. కాసేపటికి గల్లీ నుంచి ఫోన్ వచ్చింది, నల్లా వచ్చిందని. మా వెంట వచ్చిన పెర్సిస్ తల్లిని కడగడానికి ఇంటికి పరిగెత్తింది.

అంతలోనే పోలీసులు దిగారు. ఎల్లాన్ని కొట్టుకుంటూ జీపులో పడేసి తీసుకుపోయారు. వాల్వ్ మూయడానికి ఎస్సై చావి ఎత్తేసరికి శివమ్మ గుంతకు మూత వేసి దాని మీద కూర్చుంది. మేమంతా ఆమె చుట్టూ కూర్చున్నాం. లాఠీలు పడ్డాయి. లేవలేదు.

సాయంత్రం జ్ఞానమ్మ శవపేటిక ఆ దారినే వచ్చింది.

"జరగుండ్రి! పీనుగకు తొవ్వ ఇయ్యుండ్రి!" ఎస్సై కేకలేశాడు.

పెర్సిస్ పేటికను మా పక్కనే దింపించింది. దాన్ని ఆనుకుని కూర్చుంది.

"మా అమ్మకేం తొందర లేదు సార్. ఎల్లాన్ని తోలుకరాండ్రి. అప్పుడు లేస్తం."