గోడ ఇవతల విన్న కాయిదాలు

మున్షీ సాబ్ గొంతు మొదటి నుంచీ పెద్దదే. మెదక్ ఖిల్లా కింది వీధిలో ఆయన అరుగు మీద కూర్చుని దస్తావేజు చదివితే, గోడ ఇవతల పాలు పితికే మార్తమ్మకు ప్రతి ముక్కా వినబడేది. ఆయనది ముప్ఫై ఏళ్ళుగా ఒకటే పద్ధతి. కాయిదం రాసినాక ముందు ఉర్దూలో చదువుతాడు, తర్వాత అదే తెలుగులో చెబుతాడు, అప్పుడే వేలిముద్ర వేయనిస్తాడు. వినకుండా వేలు పెట్టబోయినవాళ్ళను ఆయన తిట్టే తిట్లు కూడా మార్తమ్మకు నోటికొచ్చు.

తెలుగు బైబిలు తప్ప మరో పుస్తకం చదవని మార్తమ్మ ఇట్లాగే ఆస్తి సంగతులన్నీ నేర్చుకుంది. రెహన్ అంటే తాకట్టు, డబ్బు తిరిగి కడితే ఇల్లు మళ్ళీ ఇంటాయనదే. కబ్జా రెహన్ అయితే వడ్డీ ఉండదు, వడ్డీకి బదులు డబ్బిచ్చినవాళ్ళు ఆ ఇంట్లో ఉంటారు. ఎన్నేళ్ళలోపు విడిపించుకోవాలో చెప్పే గడువు మియాదు. బైనామా మాత్రం అమ్మకం. అందులో మియాదు రాదు, "నస్లన్ బాద్ నస్లన్" అని వస్తుంది, తరతరాలకూ కొన్నవాళ్ళదే అని. ఆ మాట దగ్గర మున్షీ సాబ్ అంతటి గొంతూ కొంచెం దిగేది. ఇల్లు పోగొట్టుకునేవాడి ముఖం చూస్తూ అది చదవడం ఆయనకు ఎప్పుడూ అలవాటు కాలేదు.

పోలీస్ యాక్షన్ అయి మూడు వారాలైంది. రజాకార్లు తిరిగిన రోజుల్లో ఎల్దుర్తి నుంచి పారిపోయి వచ్చిన రెండు కుటుంబాలను పెరట్లో దాచిపెట్టింది ఈ మున్షీ సాబే. అయితే గడ్డం చూసి రాయి విసిరేవాడు ఆ సంగతి అడిగి విసరడు కదా! మొన్న ఒకటి అరుగు మీద పడింది. హైదరాబాదులో ఉన్న కూతురు వచ్చెయ్యమని కబురు పంపింది. ముసలాయన ఇల్లు అమ్మకానికి పెట్టాడు.

ఇల్లు ఎంత చేస్తుందో కీమత్ కట్టడానికి రిచర్డ్ మేస్త్రి వచ్చాడు. పెద్ద చర్చి గుడి కట్టేటప్పుడు సున్నం పని నేర్చిన మనిషి. తాపీ పిడితో గోడలు కొట్టి చెవి ఆనించి విన్నాడు, దూలాలకు గోరు దించి చూశాడు, బావిలో రాయి వేసి నీళ్ళెంతున్నాయో అంచనా కట్టాడు.

"మాలు చూస్తే పద్దెనిమిది వందలైతది సాబ్," అన్నాడు తలొంచుకుని. "బజారుల మాత్రం ఇయ్యాల అయిదు వందలు దాటదు. గోడ గదే, దూలం గదే. దినాలు మంచిగ లెవ్వు."

గోడ ఇవతల మార్తమ్మ పాలు పితకడం ఆపింది. పాలమ్మి కూడబెట్టిన ఆరు వందలు ఆమె పెట్టెలో ఉన్నాయి. ఎందుకు దాచాలి, ఆ ఇంటి మీద ఆమెకు ఎప్పటినుంచో ఆశ. తన గుడిసె కప్పు ప్రతి వానకూ కారుతుంది, ఆ బావి నీళ్ళేమో తేనె. ఒక పూటంతా ఆశకూ సిగ్గుకూ మధ్య నలిగి, సాయంత్రం మూట పట్టుకుని అరుగెక్కింది.

"గీ ఆరు వందలు తీసుకోండ్రి సాబ్. గని నాకు బైనామా వద్దు. కబ్జా రెహన్ రాయుండ్రి. మంచి దినాలొచ్చినంక వచ్చి ఇడిపించుకోండ్రి."

మున్షీ సాబ్ సరే, రేపు రమ్మన్నాడు.

మర్నాడు పొద్దున సాక్షి సంతకానికి రిచర్డ్ మేస్త్రి కూడా వచ్చాడు. మున్షీ సాబ్ స్టాంపు కాయిదం తీసి ఉర్దూలో చదవడం మొదలుపెట్టాడు. తూర్పు హద్దు, పడమటి హద్దు, బావి, జామచెట్టు అన్నీ వచ్చాయి. మియాదు రాలేదు. మార్తమ్మ చెవులు రిక్కించింది. ఇంకో రెండు వరసల తర్వాత ముసలాయన గొంతు కొంచెం దిగింది. నస్లన్ బాద్ నస్లన్.

ఆయన తలెత్తకుండానే తెలుగులోకి దిగాడు. "గంతే మార్తమ్మా. కబ్జా రెహన్. నువ్వు చెప్పినట్టే రాసిన. సంతకం చెయ్యి."

"అబద్ధం," అంది మార్తమ్మ.

ఆ అరుగు మీద మున్షీ సాబ్‌ను ఆ మాట అన్నవాళ్ళు లేరు.

"ముప్పై ఏండ్లు ఇన్న సాబ్. గోడకు అవతల మీరు, ఇవతల నేను. మీరు చదివింది బైనామా. ఇల్లు నాకే ఇచ్చేసి, రెహన్ అని నన్ను మోసం చేస్తుండ్రు!"

ముప్ఫై ఏళ్ళ మున్షీగిరీలో ఆయన చెప్పిన అబద్ధం అదొక్కటే, అదీ దొరికిపోయింది. మొదట కోపం తెచ్చుకోవాలని చూశాడు. రాలేదు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"నేను మళ్ళ రాను బిడ్డా. డెబ్బై ఒకటి నడుస్తుంది. రెహన్ రాస్తే, నేను పోయినంక మా అన్న కొడుకులొచ్చి పైసలు నీ మొఖాన కొట్టి నిన్ను ఎల్లగొడ్తరు. ఎవడో ఎందుకు, నీకే ఉండనీ అనుకున్న. నీ గుడిసె కారుతది, నాకు ఎరుక లేదా?"

మార్తమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. ఈ ముసలాయన లేని వీధి ఆమెకు అక్కర్లేదు, ఎంత తీపి బావి ఉన్నా సరే. అది నోటితో చెప్పడం చేతకాక కాయిదం లాక్కుని నిలువునా చింపింది. రిచర్డ్ గబగబా ఇంకో స్టాంపు కాయిదం కోసం చెక్కపెట్టె వెతకడం మొదలుపెట్టాడు.

మున్షీ సాబ్ కొత్తగా రాయడానికి కూర్చున్నాడు. హద్దులు రాశాడు, కబ్జా రెహన్ అని రాశాడు, కలం ఆపాడు.

"మియాదు ఎంత?"

"మీరు తిరిగొచ్చెదాక."

"గట్ల రాస్తే చెల్లదు. ఏండ్లు చెప్పాలె."

"పదేండ్లు రాయుండ్రి."

"పదేండ్లా!" ఆయన నవ్వాడు. ఈ మూడు వారాల్లో అదే మొదటి నవ్వు. "గన్నేండ్లు నేను బతుకుతనా?"

"బతకాలె," అంది మార్తమ్మ, తగువుకు వచ్చినదానిలా కొంగు నడుముకు దోపుకుని. "వడ్డీ అడుగుతలేను గద సాబ్. గీ ఒక్క షర్తన్న ఒప్పుకోండ్రి."

మున్షీ సాబ్ పదేళ్ళు అని రాశాడు. రాసి, పద్ధతి ప్రకారం మొదటి నుంచీ గట్టిగా, వీధి చివరిదాకా వినబడేలా చదివాడు.