పద్నాలుగు బొమ్మల ఆవులింత

జంతువులు ఒకదానినొకటి తన్నుకొనే వీడియో గేమ్ తయారుచేసే ఆ కార్యాలయంలో ఒక కఠిన నియమం ఉండేది. ఏటా ఒక కొత్త జంతువు రావాలంటే పాతవాటిలో ఒకటి నిష్క్రమించాలి. ఏది నిష్క్రమించాలన్నది, వాటిని గీసినవారు తమ తమ జంతువుతో అందరి ఎదుటా ఆడి తేల్చుకోవాలి. ఆ ఏడు అందరి చేతా ఓడి, అట్టడుగున మిగిలినవి రెండు: తాబేలు, కంగారూ.

తాబేలును గీసినవాడిని అందరూ బొమ్మలాయన అనేవారు. కంగారూను గీసినవాడు ఆయన భార్యకు స్వయానా తమ్ముడు. నిజానికి తాబేలు రూపంలో బొమ్మలాయన గీసింది కీర్తిశేషుడైన తన అన్నగారిని. ఆ నడక ఆయనదే, ఆ మెడ తిప్పడం ఆయనదే. ముఖ్యంగా ఆ ఆవులింత. కంట్రోలర్ మీద రెండు సెకన్లు చేయి పడకపోతే తాబేలు ఆవులించడం మొదలుపెడుతుంది. మళ్లీ బటన్ నొక్కేదాకా మానదు. అన్నగారూ అంతే. ఆయన ఛాయ లోకంలో మిగిలింది ఆ డొప్ప కిందనే. ఓడితే అదీ చెరిగిపోతుంది.

"బావా, మీ ముసలాయనకి వీడ్కోలు ప్రసంగం రాసుకున్నావా?" అన్నాడు బావమరిది.

"ముందు నీ కంగారూ ముక్కు తుడవరా. చీమిడి కారుతోంది."

"అది చీమిడి కాదు బావా, చెమట! అంత కష్టపడి గీస్తే!"

పందెం మూడు పట్లు. అరుగు మీద నుండి పడినవాడు ఓడినట్టు. మొదటి పట్టులో తాబేలు ఒక కాలెత్తేలోగా కంగారూ ఆరు తన్నులు తన్నింది. మందరగిరిని వీపున మోసిన వంశంవాడు కూరగాయల బుట్టలా దొర్లిపోయాడు.

రెండో పట్టులో బొమ్మలాయన అరచేతులు చెమర్చాయి. తుడుచుకొందామని కంట్రోలర్‌ను ఒడిలో పెట్టాడు. తాబేలు ఆవులించింది. కంగారూ సర్వశక్తులూ కూడగట్టుకొని లంఘించింది. ఆ తన్ను పొగలోంచి పోయినట్టు తాబేలు గుండా పోయింది. కంగారూ అదే ఊపున అరుగు దాటి అగాధంలో పడింది.

బొమ్మలాయనకు అప్పుడు గుర్తొచ్చింది. తెర మీది ప్రతి కదలికా వరుసగా గీసిన బొమ్మలే; ప్రతి బొమ్మ చుట్టూ కంటికి కనబడని గడి ఒకటి వేయాలి. దెబ్బ ఆ గడికి తాకితేనే తగిలినట్టు. ఆవులింత పద్నాలుగు బొమ్మలూ అన్నగారి ధ్యానంలో గీస్తూ గడులే మరిచిపోయాడు!

మూడో పట్టు. బావమరిది తెలివైనవాడు.

"నువ్వు కదిల్తే తంతా. కదలకపోతే నేనూ కదలను," అన్నాడు.

గంట గడిచింది. తాబేలు ఆవులిస్తోంది, కంగారూ నిలుచుంది. పనులు మాని అందరూ చుట్టూ మూగారు.

"ఎంత లోతైన ఆటండీ! ఇద్దరూ ఏమీ చెయ్యట్లేదు," అంది శబ్దాలు కూర్చే ఆవిడ గొంతు తగ్గించి.

"అవునవును. కానీ ఏమీ చెయ్యకపోవడం తాబేలే ఇంకాస్త బాగా చేస్తోంది," అన్నాడు పక్కాయన.

రెండో గంటకు ఆవిడే ఆవులించింది. తరువాత పక్కాయన, ఆపై పెద్ద మేడమ్. అది అలలా గదంతా చుట్టి బావమరిదిని చేరింది. వాడు నాలుక కొరుక్కున్నాడు, తొడ గిల్లుకున్నాడు. అయినా దవడలు విచ్చుకున్నాయి, కళ్లు మూతపడ్డాయి, బొటనవేలు బటన్‌పై బిగిసింది. కంగారూ ఎగిరి, తాబేలు గుండా దూసుకుపోయి పడింది.

గది చప్పట్లతో మారుమ్రోగింది. బొమ్మలాయన మాత్రం తలవంచుకొని లేచాడు.

"ఇది గెలుపు కాదండీ మేడమ్. గడులు వెయ్యడం మర్చిపోయాను."

"ఎన్నింటికి?"

"పద్నాలుగింటికీ."

"ఇప్పుడు అన్నిటికీ వేస్తే?"

"తాబేలు చచ్చిపోతుందండీ."

"అస్సలు వెయ్యకపోతే?"

"ఇక అందరూ తాబేలునే పట్టుకుంటారు మేడమ్. ఒక్కడూ తన్నుకోడు," అన్నాడు బావమరిది. "దేశం నిద్రపోతుంది."

మేడమ్ గంభీరంగా ఆలోచించింది. "పదమూడింటికి వెయ్యండి. నోరు పూర్తిగా తెరుచుకున్న బొమ్మ ఒక్కటీ వదిలెయ్యండి. ఆ రెప్పపాటు చేతనైనవాడిది. వేశాక, ఒకే ఒక్క పట్టు."

గడులు పడ్డాయి. ఇద్దరూ కూర్చున్నారు. బొమ్మలాయన తెర వంక చూడనేలేదు. బావమరిది ముఖం వంక చూశాడు. వాడు కింది పెదవి బిగించి కొరికాడు. ఈయన కంట్రోలర్ మీంచి చేతులు తీసేశాడు. కంగారూ లేచింది, లంఘించింది. సరిగ్గా అప్పుడే తాబేలు నోరు ఆకాశమంత తెరుచుకొంది. తన్ను గాలిలో కలిసింది. కంగారూ అరుగు దాటింది.

"నేనెప్పుడు తంతానో ఎలా తెలిసింది బావా?" అన్నాడు బావమరిది పాలిపోయిన ముఖంతో.

"మీ అక్కతో ఇరవై ఏళ్ల కాపురం రా. నా మీద విరుచుకుపడే ముందు ఆవిడా ఆ పెదవే కొరుకుతుంది."

"మరి ఆయన నోరు? అదెప్పుడు తెరుచుకుంటుందో?"

బొమ్మలాయన తాబేలు వంక చూశాడు. అది ఇంకా ఆవులిస్తూనే ఉంది.

"పెళ్లయ్యేదాకా మా ఇద్దరిదీ ఒకటే గది," అన్నాడు.