మేక లేని క్యాసెట్

రికార్డింగ్ బటన్ నొక్కగానే మా ఆయన దావీదు టీ తాగడానికి వెళ్లిపోతాడు. పాట దానంతటదే ఎక్కుతుంటే పక్కన కూర్చుని ఏం చేయాలి అంటాడు. సూర్యాపేట బస్టాండు వెనక మా షాపు ఒకటే గది. సగంలో ఆయన రికార్డింగ్ సెంటరు, సగంలో నా లేడీస్ టైలరింగు. ఆయన వైపు దేవుని పాటలూ సినిమా పాటలూ, నా వైపు జాకెట్లు. నడుమ తెర కూడా లేదు. ఆ సగం వల్ల ఈ సగానికి తలనొప్పి తప్ప ఏమీ రాలేదని చాలాకాలం అనుకున్నాను.

ఎనభై మూడులో, ముహూర్తాలు జోరుగా ఉన్న రోజుల్లో, జవహర్ మొదటిసారి మా మెట్లెక్కాడు. ఆయనది పెద్దవూర దగ్గర తండా, ఉద్యోగం మిర్యాలగూడ కాలువల ఆఫీసులో. మ్యాపులు గీస్తాడు. చేతిలో ఒక క్యాసెట్‌ను చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. సాగర్‌లో పనిచేసే ఇంజనీరు ఒకాయన బదిలీ మీద పోతూ పోతూ ఒక్క పూటకు ఇచ్చాడట. సాయంత్రం బస్సుకల్లా తిరిగి ఇచ్చేయాలి. ఇంగ్లండు బ్యాండు, పేరు కాపర్ పెలికాన్. క్యాసెట్ పేరు 'ది క్లాక్‌మేకర్స్ ఫ్లడ్'. గడియారాలు చేసేవాడి వరద అని అర్థం చెప్పాడు. గడియారాలు చేసుకునేవాడికి వరదతో ఏం పనో నాకు ఈరోజుకీ తెలియదు.

"ఒక దిక్కంత ఒక్కటే పాటనా?" అన్నాడు మా ఆయన, అట్టను తిప్పి తిప్పి చూసి.

"దావీదన్నా, ఇది ప్రోగ్రెసివ్ రాక్. గిట్లనే ఉంటది. మెల్లగ లేస్తది, ఎటెటో పోతది, ఖతమైందనుకుంటం, మళ్ల మొదలైతది."

"మా పాస్టరయ్య ప్రార్థన లెక్క."

రికార్డింగు మామూలుగా అయితే వైరు పెట్టి ఒక టేప్‌రికార్డరు నుంచి ఇంకోదానికి ఎక్కిస్తాడు. ఆ పొద్దునే మా నల్లమేక ఆ వైరును నమిలేసింది. దాన్ని కళ్ల ముందే ఉంచుకోవాలని నా కుట్టుమిషను కాలికి కట్టేశాను. వేరే దారి లేక మా ఆయన రెండు టేప్‌రికార్డర్లను బల్ల మీద ఎదురెదురుగా, సంబంధం మాట్లాడటానికి కూర్చున్న వియ్యంకుల్లా పెట్టి బటన్ నొక్కాడు.

"సాలమ్మా, గీడ ఎవ్వలు మాట్లాడొద్దు" అని నాకు వేలు చూపించి, జవహర్‌ను వెంటేసుకుని టీకి పోయాడు.

నేను ఒక్క మాట మాట్లాడలేదు. కుట్టొద్దని మాత్రం నాకెవరూ చెప్పలేదు. పెళ్లి జాకెట్లు ఆ పూటే ఇవ్వాలి.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం జవహర్ మిర్యాలగూడ బస్సెక్కి వచ్చి మా షాపు బెంచీ మీద కూర్చునేవాడు. ఆ పాట గురించి మాట్లాడటానికి ఆయనకు ఇంకెవరూ లేరు. ఇంట్లో పాట మొదలవగానే ఆయన భార్య తారా బిందె పట్టుకుని నీళ్లకు పోయేదట, ఇంట్లో నీళ్లు నిండుగా ఉన్నా. ఆఫీసులో ఆయన్ను చూడగానే అందరికీ పని గుర్తొచ్చేది. మా ఆయన ఒక్కడే ఓపికగా తలూపేవాడు. టేపులు సర్దుకుంటూ ఎవరు ఏం చెప్పినా తలూపడం ఆయనకు అలవాటే అనుకోండి.

"పాట నడుమ ఒక చక్రం గిర్రుమంటది దావీదన్నా. గడియారం గుండె అది. ఆగుతది. మళ్ల తిరుగుతది. డ్రమ్ములకు అస్సలు కలువది, కావాల్నని కలువనియ్యలె. గప్పుడు సింథసైజర్, అదే కరెంటు హార్మోనియం, ఏడుస్తది. మనిషి ఏడుపు గాదు. కాలమే ఏడ్సినట్టు."

"ఆమేన్" అనేవాడు మా ఆయన.

నేను హుక్కులు కుట్టుకుంటూ ఉండేదాన్ని. కాలం ఏడిస్తే నాకెందుకు, నా జాకెట్లు నాకు ఏడుపు తెప్పిస్తుంటే.

ఇలా పదేళ్లు దాటాయి. తొంభై నాలుగులో బొంబాయి కంపెనీ ఒకటి కాపర్ పెలికాన్ క్యాసెట్లన్నీ మొదటి నుంచి వరసగా మళ్లీ విడుదల చేయడం మొదలుపెట్టింది. కొత్త అట్టలు, శుభ్రం చేసిన సౌండు. జవహర్ మొహం పెళ్లికొడుకు మొహమైంది. అన్నేళ్లూ ఒకే ఒక్క క్యాసెట్‌తో కాపురం చేసిన మనిషికి చుట్టాలందరినీ చూసే యోగం పట్టింది. అదే సమయంలో రెండో పిచ్చివాడు కూడా దొరికాడు. వెంకటేశం గారు, కోదాడలో ఇంగ్లీషు లెక్చరరు. స్కూటరు మీద వచ్చేవాడు. ఆయన నోట్లో ప్రతి మాటకూ 'అండీ' ఉండేది, ఒప్పుకోవడం మాత్రం ఉండేది కాదు.

ఇద్దరూ హైదరాబాదు నుంచి ఒక్కో క్యాసెట్ తెప్పించుకుని మా బెంచీ మీద తగువులాడుకునేవారు. మొదటిది వచ్చింది. అంతా పిల్లనగ్రోవే.

"చక్రమూ లేదు, సింథసైజరూ లేదు. ఏంటండీ మీరు చెప్పిన గొప్ప?" అన్నాడు వెంకటేశం.

"ఇంక కొనలే. పైసలు లేవు పాపం" అన్నాడు జవహర్, సొంత తమ్ముళ్ల గురించి చెప్పినట్టు.

రెండోదానిలో యాభై మంది కలిసి పాడినట్టుంది. "కొన్నరు గని ఇంక నేర్సుకుంటున్నరు" అన్నాడు. "మూడోది రానియ్యి. గప్పుడు ఇను."

మూడోది ఆ వరద క్యాసెట్టే. దాన్ని మా కొత్త డెక్కులో పెట్టి, జవహర్ కళ్లు మూసుకున్నాడు. పాట లేచింది, ఎటెటో పోయింది. చక్రం వచ్చే చోటు దగ్గరపడగానే, ఇప్పుడు వినండి అన్నట్టు ఆయన వేలు గాల్లోకి లేచింది. లేచిన వేలు అలాగే ఉండిపోయింది. చక్రం రాలేదు. ఏడుపూ రాలేదు. పాట తన దారిన తాను పోయి అయిపోయింది.

"కోసిన్రు!" అని అరిచాడు. "పానం లాంటి ముక్కను కోసిన్రు! శుభ్రం చేసుడంటే గిదా?"

"కోయడం ఏంటండీ? కంపెనీ వాళ్లది అసలైంది. మీ క్యాసెట్టే ఏదో దొంగది."

దొంగది అన్న మాటకు జవహర్ లేచి నిలబడ్డాడు. మెత్తటి మనిషికి కోపమొస్తే చూడటానికి భయంగా ఉండదు, జాలిగా ఉంటుంది. "వచ్చే ఆదివారం గీన్నే తేల్చుకుందాం. నాది తప్పయితే నా టేప్‌రికార్డరు, క్యాసెట్ల డబ్బా నీకిచ్చి పోత. ఇగ మ్యూజిక్ మాటెత్తను. గీ బెంచీ మీద కూసోను. ఒట్టు."

టేప్‌రికార్డరు పోతే పోయింది. బెంచీ మాట వినగానే కుట్టడం ఆపేశాను. ఆ బెంచీ లేకపోతే ఆ మనిషి మాటలు ఎవరికి చెప్పుకుంటాడు?

ఆదివారం రానే వచ్చింది. మా ఆయన చర్చి చొక్కాతోనే జడ్జిలా కూర్చున్నాడు. ముందు కంపెనీ క్యాసెట్ ఇంకోసారి వినాలని తేల్చారు, వారం క్రితం చెవులు తప్పు విన్నాయేమోనని. పాట మొదలైంది. నాకేమో ఊపిరాడనంత పని. వాళ్ల వరద వాళ్లది, నా జాకెట్లు నావి. మిషను తొక్కాను.

"వచ్చింది!" జవహర్ ఎగిరి గంతేశాడు. "ఇనుండ్రి! చక్రం! పోయినసారి మనకే ఇనపడలే!"

ఏమైందోనని తొక్కడం ఆపి చూశాను.

"ఆగింది! గిట్లనే ఆగుతది! నేను చెప్పలే?"

సరే, నాతో కాదులే అనుకుని మళ్లీ తొక్కాను. జవహర్ వెలిగిపోతూ వెంకటేశాన్ని చూశాడు. వెంకటేశం నన్ను చూస్తున్నాడు. మా ఆయనా నన్నే చూస్తున్నాడు. నా కాలు దానంతటదే ఆగిపోయింది. చక్రమూ ఆగింది.

గదిలో కాపర్ పెలికాన్ ఒక్కటే మిగిలింది.

"గయితే... సింథసైజర్?" అన్నాడు జవహర్, చాలా చిన్న గొంతుతో.

మా ఆయన నెత్తి గోక్కున్నాడు. "మేక, సారూ. మిషనుకు కట్టేసి ఉండె. నల్లది."

"ఏదది? ఇప్పుడేడుంది?"

"ఆ ఏడు క్రిస్మస్‌కు కోసినం."

"తిన్నరా?"

"నువ్వు గూడ తిన్నవు గద. బాగుందని రెండోపారి పెట్టించుకుంటివి."

వెంకటేశం ముందు నవ్వాడు, తర్వాత నవ్వు ఆపుకోలేక బయటికి పోయి నవ్వాడు. జవహర్ ఒట్టు నిలబెట్టుకున్నాడు. టేప్‌రికార్డరునూ డబ్బానూ తీసుకెళ్లి స్కూటరు మీద పెట్టి, పడిపోకుండా తాడుతో తనే కట్టి, బస్టాండు వైపు నడిచాడు. నాకు ఏడుపొచ్చింది. పదేళ్లుగా ఒక మనిషి కళ్లు మూసుకుని నా కుట్టు విన్నాడు. ఎక్కడ తొక్కానో ఎక్కడ ఆపానో నాకే గుర్తు లేదు, ఆయనకు గుర్తుంది. నా పనిని అంత శ్రద్ధగా పట్టించుకున్నవాళ్లు ఇంకెవరున్నారు? జాకెట్ తొడుక్కున్నవాళ్లు కూడా బిగుతైంది, వదులైంది అనే తప్ప ఒక మంచిమాట అనరు.

బెంచీ కొన్ని వారాలు ఖాళీగా పడుంది. మా ఆయన వినేవాడు లేకున్నా అలవాటుగా తలూపుతున్నాడు. ఒకరోజు స్కూటరు చప్పుడైంది. వెంకటేశం డబ్బాతో, టేప్‌రికార్డరుతో సహా దిగాడు. కళ్ల కింద నల్లగా ఉంది.

"నా బతుకు పాడైందండీ" అన్నాడు. "ఆయన క్యాసెట్ ఒక్కసారే విన్నాను, నవ్వుకుందామని. తర్వాత కంపెనీది పెడితే బోసిగా ఉంది. ఆ చోటు రాగానే మేక కోసం ఎదురుచూస్తున్నాను. రాదు! మళ్లీ ఆయనది పెడదామంటే, పాత టేపు కదండీ, చిక్కుపడి తెగిపోయింది."

"తెంపినవా?" అన్నాను. ఎంత లెక్చరరైనా నాకు చెయ్యి లేచినంత పనైంది.

"అందుకే వచ్చానమ్మా. కంపెనీ క్యాసెట్ పెడదాం. మీరు కుట్టండి. ఒక మేకను చూద్దాం."

"ఏ మేకో నీకెట్ల తెలుస్తది? ఆ గొంతు తెలిసినోడు ఒక్కడే. నడువు మిర్యాలగూడకు."

జవహర్ తన క్వార్టరులో రేడియోలో వరిచీడల గురించి వింటున్నాడు. నన్ను చూసి లేచాడు, వెంకటేశాన్ని చూసి మళ్లీ కూర్చున్నాడు. టేపు తెగిన సంగతి చెబితే రేడియో చప్పుడు ఇంకాస్త పెంచాడు.

"పోనియ్యి వదినె. అది తప్పు టేపే గద."

"ఏంది తప్పు? నా కుట్టు తప్పా?" అని గయ్యిమన్నాను. "ఈ బొంబాయోళ్ల దాంట్ల నేను లేను. నీ దాంట్ల ఉన్న. నన్ను మళ్ల పెట్టకుంటే ఊకునేది లేదు. లెవ్!"

తారా చెంబు కిందపెట్టి, "పో, పోయి రా" అంది. ఆ రేడియో కంటే ఆ వరదే నయమని ఆమెకూ అర్థమైనట్టుంది.

అంగడి రోజున సూర్యాపేటలో మేకలకు కొదవ లేదు. అమ్మేవాడి పేరు సైదయ్య. అలవాటుగా మేక మూతి తెరిచి పండ్లు చూపించబోయాడు.

"పండ్లొద్దు, గొంతు కావాలె" అన్నాడు జవహర్ కళ్లు మూసుకుని. ఒక్కో మేకనూ అరిపించి విన్నాడు. ఇది పొడుగుంది, ఇది మొద్దుగుంది, ఇది కోపంగా అరుస్తున్నది, మనకు దుఃఖం కావాలె. సైదయ్య పరేషానై, వీళ్లు కొనేవాళ్లు కాదని తేల్చుకుని, చివరికి ఒక నల్లదాన్ని ఆ పూటకు కిరాయికిచ్చాడు, ముందు దేవుని మీద ఒట్టు వేయించుకుని, తినబోమని.

మంచి వైరున్నా దాన్ని పక్కన పెట్టి, మా ఆయన పాత టేప్‌రికార్డర్లను దుమ్ము దులిపి ఎదురెదురుగా కూర్చోబెట్టాడు. మేకను మిషను కాలికి కట్టాము. ఆయన బటన్ నొక్కి, ఎవ్వలు మాట్లాడొద్దని చెప్పి, మామూలుగా టీకి పోయాడు.

వరద లేచింది. జవహర్ వేలు లేచింది, నేను తొక్కాను. వేలు దిగింది, ఆపాను. మళ్లీ తొక్కాను. వెంకటేశం మేక పక్కన సిద్ధంగా కూర్చున్నాడు. ఇక మేక వంతు. మేక నా కత్తిరింపు ముక్కలు నములుతోంది. వెంకటేశం దాని చెవి మెలేశాడు. అది ఆయన్ను ఒకసారి చూసి నమలడంలో పడిపోయింది. ఆ చోటు వచ్చేస్తోంది. దాటితే మళ్లీ మొదటికి రావాలి, మేకకు పూట అయిపోతుంది. నా కాలి కింద మిషను తిరుగుతూనే ఉంది.

అప్పుడు జవహర్, కాలువల ఆఫీసు జవహర్, కళ్లు మూసుకునే నోరు తెరిచి "మ్మే...ఏ...ఏ" అన్నాడు.

సరిగ్గా ఆ చోటే. సన్నగా మొదలై, నడుమ విరిగి, చివర దిగులుగా. పదేళ్లు విన్న గొంతు కదా. కిరాయి మేక నమలడం ఆపి తలెత్తి చూసింది.

పాట అయిపోయేదాకా ఎవరమూ కదల్లేదు. వెంకటేశం కళ్లద్దాలు తుడుచుకుని, డబ్బానూ టేప్‌రికార్డరునూ జవహర్ ముందుకు జరిపాడు. "ఇది అసలైందండీ" అన్నాడు. ఆయన నోటి నుంచి ఒప్పుకోలు రావడం అదే మొదలు.

మా ఆయన టీ తాగి వచ్చి, "మేక అరిసిందా?" అని అడిగాడు.

"మస్తుగ అరిసింది" అన్నాను.

జవహర్ సిగ్గుపడుతూ బెంచీ మీద తన చోట్లో కూర్చున్నాడు. కంపెనీ అట్టలో లోపలి కాగితం తీసి, పాడినవాళ్ల, వాయించినవాళ్ల ఇంగ్లీషు పేర్ల కింద, మ్యాపుల మీద రాసే అందమైన అక్షరాలతో రాశాడు: చక్రం, సాలమ్మ, సూర్యాపేట. దాని కింద కాసేపు ఆగి, సింథసైజర్ అని రాసి, తన పేరు రాసుకున్నాడు.