పాత మట్టి

"వేర్లకు బూజు పట్టింది, శుభ్రంగా కడిగెయ్ అమ్మాయ్," అన్నారు అత్తయ్య, బాల్కనీ గుమ్మంలో కుర్చీ వేసుకుని. పాత దుప్పటి మీద పైన్ చెట్టు పక్కకి ఒరిగి పడుకుని ఉంది. కొండ తవ్వి రోడ్డు వేస్తున్న చోట అడిగి, బోన్సాయ్ చేద్దామని మా ఆయన కారులో వేసుకొచ్చిన చెట్టు. అప్పటినుంచీ ఇవాళ్టిదాకా చెక్కపెట్టెలోనే పెరిగింది. నీళ్ళు పోసిందీ, ఎండకు జరిపిందీ, గాలివానకు లోపల పెట్టిందీ నేను. ఇంట్లో నీళ్ళ వేళకు ఆయనకది "మన చెట్టు", బోన్సాయ్ క్లబ్బులో మాత్రం "నా చెట్టు". క్లబ్బు ప్రదర్శన నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజంతా మిగతా కుండీలకు నీళ్ళు పోయడానికి ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కదా!

"వచ్చే నెల ప్రదర్శన. పాత మట్టంతా దులిపేసి, ఇందులో పట్టేలా వేర్లు కత్తిరించు," అని అరచేతి లోతైనా లేని నీలం పళ్ళెం నా పక్కన పెట్టి పొద్దునే ఆయన ఆఫీసుకు వెళ్ళారు.

వెదురుపుల్లతో మట్టి గీకుతున్నాను. నిజం చెప్పొద్దూ, ఈ పని నాకు భలే ఇష్టం. పైనున్నది అందరూ చూసేదే, కింద ఏం జరిగిందో చూడాలని నాకో పిచ్చి. ఒక లావు వేరు రాయి చుట్టూ తిరిగి మళ్ళీ వెనక్కే వచ్చింది. ఎందుకొచ్చావే తల్లీ, అక్కడేం కనిపించింది? ఇంకొకటి ఒక్క పీచైనా లేకుండా ఊరికే బారుగా సాగింది. దాన్ని కోశాను. కాండం దగ్గర అల్లుకున్న పీచు వేర్లను ముట్టుకోలేదు, నీళ్ళు తాగేవి అవే. వాటినిండా తెల్లటి నూగు, పుట్టగొడుగుల వాసన.

ఈ బూజు ఇంతకుముందు తెచ్చిన పైన్‌కీ ఉండేది. ఆయన కడిగెయ్యమంటే కుళాయి కింద పెట్టి బియ్యం కడిగినట్టు కడిగాను. కొన్నాళ్ళకు చెట్టు నిలువునా ఎండిపోయింది. ఇంటికొచ్చిన క్లబ్బు మిత్రులతో, నేను టీ కప్పులు అందిస్తుండగానే, "మా ఆవిడ నీళ్ళు ఎక్కువ పోసి చంపేసింది," అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ తర్వాతే ఈ బూజేమిటో వెతికి చదివాను. పైన్ వేర్లతో కలిసి బతుకుతూ వాటికి నీళ్ళందించే శిలీంధ్రమట. కడిగేస్తే చెట్టు నోరు కట్టేసినట్టే. అందుకే అడవి చెట్టుకు పాత మట్టి ముందు ఒకవైపే తీయాలి. అది బాగా కోలుకున్నాకే రెండోవైపు.

చూసేవాళ్ళు, ఈవిడ తనని ఆ చెట్టుతో పోల్చుకుంటోంది కాబోలు అనుకుంటారు. లేదండీ. దాన్నైతే తెచ్చేటప్పుడు పాత మట్టి కాస్త వెంట రానిచ్చారు.

ఒకవైపు పూర్తయింది. పళ్ళెంలో పట్టాలంటే రెండోవైపు కూడా పోవాలి. కత్తెర చేతిలోనే ఉంది. కాసేపు పళ్ళెం వంక చూసి, చెక్కపెట్టెను దగ్గరకు లాక్కున్నాను.

"కడగలేదేం? వాడొచ్చి గొడవ చేస్తాడు," అన్నారు అత్తయ్య.

"కడిగితే చచ్చిపోతుంది అత్తయ్యా."

"చస్తే నిన్నే అంటాడు."

"ఎలాగూ నన్నే అంటారుగా. బతికించే అనిపించుకుంటాను."

ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుని, వంగి, ఆ తెల్ల నూగును వాసన చూశారు. "పుట్టగొడుగులే," అన్నారు ఆశ్చర్యంగా.

సాయంత్రం ఆయన పెట్టెను చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. "పళ్ళెంలో పెట్టలేదేం?"

"పట్టదు. మిగతా సగం ఇంకో రెండు మూడేళ్ళకు."

"చెట్టు తెస్తున్నానని అందరికీ చెప్పేశాను. ఇప్పుడు వాళ్ళకేం చెప్పను?"

"మీరేం చెప్పక్కర్లేదు. ఈసారి నేను వెళ్ళి చెప్తాను. పోయిన చెట్టు ఎందుకు పోయిందో కూడా చెప్పొస్తాను."

"నువ్వెళితే ఇక్కడ నీళ్ళెవరు పోస్తారు?"

"మీరే పోయండి," అన్నాను చేతుల మట్టి దులుపుకుంటూ. "ఎక్కువ పోయకండి."