సంఘం రేటు

పొద్దున్నే బెంగళూరు పక్కన జిగణి బండల ఫ్యాక్టరీల సైరన్ కూసేలోపల సొన్నమ్మ కొట్టం ఊడ్చి, ఎనుముకు గానుగ చెక్క నానబెట్టి, దాని కొమ్ములు రెండూ తడిగుడ్డతో తుడిచేది. ఆ తరువాత వఠారంలోని వాళ్లు ఒక్కొక్కరే తమ ఇంటి తీగలు లాక్కొచ్చి ఆ కొమ్ములకు చుట్టుకునేవాళ్లు. గవర్నమెంటు కరెంటు పోయినప్పుడల్లా అందరికీ ఆ ఎనుమే దిక్కు. దాని తల్లి కూడా అంతే, సొన్నమ్మ పుట్టింట్లో రాగుల మిల్లు తిప్పింది. బుడ్డల చెక్క, పచ్చిగడ్డి దండిగా తింటే వఠారమంతా ఫ్యాన్లు తిరిగేవి. ఎండుగడ్డి వేస్తే బల్బులు ఎర్రగా మినుకుమనేవి. ఇందులో చెప్పుకునేదేముంది, ఏ ఎనుమైనా మేతను బట్టే కదా ఇచ్చేది.

ఆ వఠారంలోనే ఆవులప్ప కాపురం. ఏండ్ల తరబడి గ్రానైట్ కోసి కోసి రొమ్ము నిండా దుమ్ము నింపుకున్న మనిషి. ఇప్పుడు మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ గుర్రుమంటుంటేనే అతనికి ఊపిరి. అది ఆగితే అతనూ ఆగిపోతాడని డాక్టరు మొహం మీదే చెప్పినాడు. ఊపిరి లేకపోతేనేం, నోరుంది మహానుభావుడికి. వఠారం సంఘానికి అతనే అధ్యక్షుడు.

పోయిన ఎండాకాలం చెక్క ధర మండిపోయింది. గంటకు పది రూపాయలు తీసుకునే సొన్నమ్మ ఇరవై చేసింది, మళ్లీ పాతిక చేసింది. నిజం చెప్పాలంటే కొంచెం ఆశ కూడా పడింది. ఆమె కొత్త ముక్కుపుడక ఎవరి కంట పడలేదు గనక? ఆవులప్పకు ఒళ్లు మండి మీటింగు పెట్టించినాడు.

"గంటకు పదే. అంతకు మించి ఇచ్చినా తప్పే, తీసుకున్నా తప్పే," అన్నాడు రొప్పుతా. "గార్మెంట్సుకు పోయే ఆడపిల్లల్ని దోచుకుంటావా సొన్నమ్మా?"

"దోచేది నేను కాదప్పా, చెక్క అంగడోడు. వానికి చెప్పు, పాత రేటుకు ఇయ్యమని."

"వాడు మన సంఘంలో లేడు. నువ్వుండావు."

అందరూ చప్పట్లు కొట్టినారు. అందరికంటే గట్టిగా కొట్టింది ఆవులప్ప పెండ్లాం మునిలక్ష్మి. పగలంతా మిషన్ నడవాలంటే ఆ డబ్బు కట్టేది ఆమే మరి.

ఈ ఎండాకాలం గవర్నమెంటు కరెంటు పొద్దున పోతే సాయంత్రానికి గానీ రావడం లేదు. రాష్ట్రాలు కరెంటు కొనుక్కునే సంతలో కూడా ఇంతకు మించి అమ్మకూడదని రేటు కట్టినారని టీవీలో చెప్పినారు. "చూసినారా, పైవాళ్లకు కూడా మన బుద్ధే వచ్చింది!" అని ఆవులప్ప మురిసిపోయినాడు. ఆ రేటుకు గిట్టక బయటి దేశాల బొగ్గు కాల్చి కరెంటు తీసేవాళ్లు మిషన్లు ఆపుకొని కూర్చున్నారని కూడా అదే టీవీ చెప్పింది. అది మాత్రం ఆయన చెవికెక్కలేదు.

సొన్నమ్మ చెక్క తగ్గించింది. తరువాత మానేసింది. వట్టి ఎండుగడ్డికి ఎనుము ఏమిస్తుంది పాపం? ఇచ్చే ఆ కాసింతకే వరస కట్టినారు. చట్నీ మిక్సీకైనా, క్రికెట్ మ్యాచ్‌కైనా, ఆవులప్ప ఊపిరికైనా ఒకే రేటు, ఒకే వరస. మునిలక్ష్మి తట్టుకోలేక కొట్టం వెనకకు పోయి సొన్నమ్మ చెయ్యి పట్టుకుంది.

"సొన్నక్కా, మా మిషన్‌కు ముందు ఇయ్యి. పది కాదు, యాభై ఇస్తా. ఎవరికీ చెప్పను."

"తప్పన్నది నీ మొగుడే కదమ్మా. అయినా నువ్వొక్కతివి యాభై ఇస్తే చెక్క మూట వస్తుందా? అందరూ ఇచ్చేది ఎండుగడ్డికే చాలడం లేదు."

ఆ వారమే సర్జాపుర రోడ్డు అపార్ట్‌మెంటు వాళ్లకు ఎనుమును అమ్మేసింది. అమ్మిన గొడ్డును ఖాళీ కడుపుతో పంపకూడదు కాబట్టి, దొరికినంత చెక్క తెచ్చి కడుపు నిండా పెట్టి, నుదుట పసుపు కుంకుమ పూసి, ఏడుస్తా టెంపో ఎక్కించింది.

టెంపో సందు మలుపు తిరిగిందో లేదో, కరెంటు పోయింది. ఆవులప్ప మిషన్ ఆగింది. పక్కింటి నాగరాజ్ ఆటో తీసినాడు. మునిలక్ష్మి మొగుణ్ణి ఎక్కించి, ఏ ఆలోచనతోనో మిషన్‌నూ, దాని పొడుగు తీగనూ కూడా కాళ్ల దగ్గర పడేసుకుంది.

సర్కిల్ దగ్గర ట్రాఫిక్ బిగుసుకుపోయింది. ఆవులప్ప పెదాలు నల్లబడినాయి. మునిలక్ష్మి గుండెలు బాదుకుంటా పక్కకు చూస్తే, అదే టెంపో! వెనకాల ఎనుము తాపీగా నెమరేస్తా ఉండాది. ఆమె దూకి, తీగ కొసలు కొమ్ములకు చుట్టింది. మిషన్ గుర్రుమంది. ఆవులప్ప కండ్లు తెరిచినాడు.

ట్రాఫిక్ కదలకూడదని బెంగళూరులో మొక్కుకున్న మొదటి ఆడది మునిలక్ష్మే అయ్యుంటుంది. కానీ కదిలింది.

"అక్కా, తీగ తీయండి," అన్నాడు టెంపో నడిపే పునీత్. "నేను ఆ పక్కకు తిరగాల."

"నీకు పుణ్యముంటుంది నాయనా, ఆసుపత్రి దాకా మా పక్కనే రా."

"లేటయితే ఓనరు నా బాడుగ కోస్తాడక్కా. ఎనుమూ నాది కాదు, బండీ నాది కాదు."

మునిలక్ష్మి చెవుల కమ్మలు ఊడదీసి అతని చేతిలో పెట్టింది. పునీత్ ఆమె మొహం చూడలేక జేబులో వేసుకున్నాడు. ఆసుపత్రి గేటు దాకా ఆటో, టెంపో పక్కపక్కనే పోయినాయి. వెనక హారన్లు కొట్టినవాళ్లు కొడుతూనే ఉన్నారు.

"ఎంత... ఇస్తివి?" అన్నాడు ఆవులప్ప దారిలో.

"సంఘం రేటే," అంది ఆమె.

అతని మొహం వెలిగింది. "చూసినావా, రూలంటే రూలే."

నెల దినాలు ఆసుపత్రిలో ఉండి బతికినాడు. ఇంటికొచ్చిన సాయంత్రమే, కరెంటు ఉండగా మంచమూ మిషనూ వాకిట్లోకి వేయించుకుని మీటింగు పెట్టినాడు.

"నడిరోడ్డు మీద కూడా మన రేటుకే ఇచ్చినారు. అంటే పది కూడా ఎక్కువే! ఐదు చేద్దాం."

"ఎనుమే లేదు కదప్పా," అంది సొన్నమ్మ. ఆమె ఒళ్లో వట్టి పలుపు ఉంది.

"ఎనుము ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ముందు రూలు పెడదాం. చేతులెత్తండి."

అందరూ ఎత్తినారు. మునిలక్ష్మి లేచి, జుట్టు వెనక్కు తోసి, మొగుడి ముందు నిలబడింది. చెవుల తూట్లు మూసుకుపోకుండా పెట్టుకున్న చీపురుపుల్లలు అందరికీ కనపడినాయి.

"నెల నుంచీ నా మొహం చూస్తా ఉండావే, ఒక్కసారైనా నా చెవులు చూసినావా? ఇదయ్యా ఆ పొద్దు నీ ఊపిరి రేటు!"

ఆవులప్ప ఏదో చెప్పబోయినాడు. అప్పుడే కరెంటు పోయింది. మిషన్ ఆగింది. ఎత్తిన చేతులు దించి, వఠారం వఠారమంతా అలవాటుగా తీగ కొసలు పట్టుకుని కొట్టం వైపు పరుగెత్తింది. అక్కడ గుంజ ఒక్కటే ఉంది.

నాగరాజ్ ఆటో తీసినాడు. ఆవులప్ప నోరు తెరిచి గాలికోసం పెనుగులాడుతున్నాడు. మునిలక్ష్మి చెయ్యి దానంతటదే చెవికి పోయింది. చీపురుపుల్ల తగిలింది.