నూనె పూసిన నేల

మా బొంగరం అక్క పడిపోవడం అందరం చూశాం. సినిమా పాటల్లో చివరి వరుసలో ఆడేవాళ్లం మేము. తెర మీద నేల అద్దంలా మెరవాలని ఆ రోజు వేదిక చెక్కల మీద నూనె పూశారు. కాళ్లు జారుతున్నాయని పొద్దుటి నుంచి మొత్తుకున్నాం. వింటేగా! గిర్రున తిరుగుతూ అక్క అంచు దాటి కింద పడింది. మోకాలు పక్కకు తిరిగిపోయింది.

సినిమా కంపెనీ మేనేజరు కెమెరాలో చూసుకుని, "పర్లేదు, పడింది గానీ ఫ్రేములో పడలేదు. ఆ ఖాళీ సర్దుకోండి," అన్నాడు.

మేం సర్దుకోలేదు. అక్కను చేతుల మీద మోసుకుని బయటికొచ్చేశాం.

నడుస్తుంది గానీ ఇక ఆడలేదన్నాడు డాక్టరు. ఆడకపోతే అది ఏం చేస్తుందయ్యా అని వాళ్లమ్మ అడిగింది.

మా సంఘం ఆఫీసు దర్జీ కొట్టు మీది గది. కార్యదర్శి పెద్దన్న కూడా నడుం పోయిన డాన్సరే. ఆ నూనె నేల తీసేయాలి, షూటింగు దగ్గర డాక్టరుండాలి, అక్క వైద్యం కంపెనీ చూడాలి, అప్పటిదాకా పని బంద్ అన్నారు కుర్రవాళ్లు. పిల్లల తల్లి ఒకామె లేచింది.

"మనం మానేస్తే ఆడేవాళ్లే దొరకరా? మా పొయ్యి సంఘం వెలిగిస్తుందా అన్నా?"

పెద్దన్న ఖాళీ చందా డబ్బా బోర్లించి చూపించాడు. "వెలిగించలేదమ్మా. సంఘం దగ్గర మనం తప్ప ఇంకేం లేదు."

పని బంద్‌కు మొదట చెయ్యెత్తింది ఆమే.

మర్నాడు స్టూడియో గేటు ముందు నిలబడ్డాం. పొరుగూరి నుంచి కొత్త పిల్లలతో బస్సొచ్చింది. పోలీసులు మమ్మల్ని పక్కకు ఈడ్చేశారు. బస్సు లోపలికెళ్లింది. కాసేపటికి మా పాటే గోడ దాటి వినిపించింది. మా కాళ్లు వాటంతటవే తాళం వేశాయి. ఒకరి మొహం ఒకరం చూడలేకపోయాం.

మధ్యాహ్నం గేటు తెరుచుకుంది. కొత్త పిల్లల్లో ఒకామెను మరో ఇద్దరు మోసుకొచ్చారు. అదే నేల. లోపల అన్ని కార్లుండీ ఒక్కటీ కదల్లేదు. పెద్దన్న ఆటో ఆపాడు. ఆ పిల్ల ఎక్కకుండా ఆగి, "నాకు మీ సంఘం కార్డు లేదండీ," అంది.

"విరిగే ఎముకకు కార్డెందుకు తల్లీ? ఎక్కు."

తర్వాతి రోజు ఆ బస్సు గేటుకు దూరంగానే ఆగింది. పిల్లలంతా దిగొచ్చి, మాటా పలుకూ లేకుండా మా పక్కన రోడ్డు మీద కూర్చున్నారు. పోలీసులు పెద్దన్నను కాలర్ పట్టుకుని వ్యానులోకి తోశారు. ఎందుకని అడిగిన వాళ్లనల్లా ఎక్కించారు.

మిగతావాళ్లను వదిలేశారు గానీ పెద్దన్న ఇంకా జైల్లోనే ఉన్నాడు. బొంగరం అక్క గోడ పట్టుకుని నడుస్తోంది. నూనె పూస్తూనే ఉన్నారు. మేనేజరు ఇంకో ఊరికి మనిషిని పంపాడట. ఇంకో బస్సు వస్తుంది. రానీ. దాని ముందు కూర్చోడానికి ఇప్పుడు రెండూళ్ల వాళ్లం ఉన్నాం.