సీటాయన ఎడమ చెవి

రెండో పాట సగానికి వచ్చేసరికి బస్సు రైలుగేటు ముందు ఆగింది. బస్సు డిపోలో సీట్లు కుట్టే సీటాయన కళ్ళు మూసుకుని ముందుసీటు వెనక రేకు మీద వేళ్ళతో లెక్క వేస్తున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగో దెబ్బ పడ్డాక చెవిలో పాడే పిల్ల మళ్ళీ అందుకుంది. ఆయన మోచేత్తో భార్యను పొడిచాడు.

"చూశావా! 'తలుపు తీయి' అని అడిగి ఎలా ఆగిందో. నాలుగు దెబ్బలు. ఎవరూ పలకరు. ఒళ్ళు ఝల్లుమనట్లా?"

"అడగడమేంటండీ! 'తీయను, పో' అని ఎదురు చెప్తుంటే."

"తీయి అంటోంది."

"తీయను అంటోంది. మీ చెవులు డిపోలో పెట్టి మర్చిపోయారా ఏం?"

ఒకే ఇయర్‌ఫోన్, రెండు బుడిపెలు. ఎడమది ఆయనది, కుడిది ఆమెది. పెళ్ళైన కొత్తలో జేబు రేడియోకి తగిలించి ఎవరికి ఏది అందితే అది పెట్టుకున్నారు, ఇరవై ఆరేళ్ళుగా అదే సాగుతోంది. ఈ కాలంలో ఇయర్‌ఫోన్లు తొమ్మిది పాడయ్యాయి, ఫోన్లు ఆరు మారాయి, చెవులు మాత్రం మారలేదు. పోట్లాటా మారలేదు. వీళ్ళ ఒక్కగానొక్క కూతురు ఈ పోట్లాట వింటూ పెరిగి, పాట అన్న మాట వినబడితే గది దాటి పోయే మనిషిగా తయారైంది.

ఆమె దిగాల్సిన స్టాపు వచ్చింది. కట్టుడుపళ్ళు తయారుచేసే చోట ఆమె పని. డాక్టర్లు పంపిన అచ్చుల్లో తెల్లపిండి కలిపి పోసి, ఆరాక ఎవరెవరివో దవడలు బయటికి తీస్తుంది. ఎంత కడిగినా గోళ్ళ అంచుల్లో తెలుపు పోదు. చెవిలోంచి బుడిపె తీసి ఆయన భుజం మీద వేస్తూ అంది:

"సాయంత్రం చదివే ఆ కాగితంలో 'అడుగుతోంది' అన్నది కొట్టేయండి. నలుగురిలో నవ్వుతారు."

"పోయినేడు నీ మాట విని ఆల్బమ్ మార్చాను. ఏమైంది? ఒక్క మూతైనా పడిందా?"

"ఈసారీ పడదు," అని నవ్వుతూ దిగిపోయింది.

మూత సంగతి ఏమిటంటే, సీటాయనకి రాక్ సంగీతమంటే చెవి కోసుకునేంత పిచ్చి. ఇరవై రెండేళ్ళ కిందట ఒక బస్సు ముప్ఫై రెండో నంబరు సీటు విప్పుతుంటే అడుగున ఒక క్యాసెట్ దొరికింది. నెలరోజులు చూసినా ఎవరూ అడగలేదు. ఇంట్లో రేడియోయే తప్ప క్యాసెట్ పెట్టె లేక, ఆంప్లిఫయర్లు బాగుచేసే బాబాయి షాపుకి తీసుకెళ్ళాడు. ఆ మధ్యాహ్నం బాబాయి పెద్ద పెట్టెల్లోంచి గిటార్లు గర్జిస్తుంటే జిరాక్స్ షాపు నడిపే అక్క రోడ్డు దాటి వచ్చింది, ట్యూషన్‌కి వెళ్ళాల్సిన లెక్కల మాస్టారు సైకిలు ఆపాడు. నలుగురూ అప్పటినుంచి ఏటా డిసెంబరు రెండో శనివారం సాయంత్రం నాలుగున్నరకి అక్కడే కలుస్తారు. ఆ ఏడు కొత్తగా వచ్చిన ఆల్బముల్లో ఒక్కొక్కరు ఒక్కటే తేవాలి. తెచ్చినదాన్ని మొదటినుంచి చివరిదాకా కనీసం పదిసార్లు విని ఉండాలి. ముందు కాగితం చదవాలి, తర్వాత పాట. చివర్లో నచ్చిన ఆల్బమ్ తెచ్చినవాళ్ళ ముందు తలా ఒక సోడామూత పెడతారు. ఎవరి ముందు వాళ్ళు పెట్టుకోకూడదు. గెలిచిన ఆల్బమ్ పేరూ, తెచ్చినవాడి పేరూ ఎడమ స్పీకరు చెక్క మీద గీస్తారు.

ఆ చెక్క మీద బాబాయి పేరు తొమ్మిదిసార్లు ఉంది. అక్కది ఏడుసార్లు. మాస్టారిది అయిదుసార్లు. లెక్క సరిపోయిందిగా, మనవాడి వాటా ఎంతో ఇంక చెప్పక్కర్లేదు. ఇరవై ఒక్క ఏళ్ళు ఆ స్పీకరు పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని, పక్కవాళ్ళ పేర్లు చెక్కుతుంటే పొట్టు ఊదాడు. మనసులో గుచ్చుకునేది. ఇంటికెళ్ళి "ఆటలాంటిదేలే" అనేవాడు. ఆటే, కానీ ఈ ఒక్క ఆటలోనే ఆయనకి గెలవాలని ఉండేది.

డిపో షెడ్డులో పని మొదలైంది. విప్పిన సీట్లు వరసగా గోడకి ఆనించి ఉన్నాయి. ఒకదాన్ని బల్ల మీదికి లాగి, పాత రెగ్జిన్ బ్లేడుతో కోసి ఒలిచాడు. లోపల స్పాంజి ఒక పక్కకే అణిగిపోయి ఉంది. కిటికీ వైపు ఒరిగి కూర్చునే మనిషి ఎవరో రోజూ ఇదే సీటు ఎక్కుతున్నారన్నమాట. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆయన ప్రయాణికుల మొహాలు పెద్దగా చూడలేదు కానీ వాళ్ళు కూర్చునే తీరు చూస్తే చెప్పగలడు. ఎవరు గోళ్ళతో గీరతారో, ఎవరు దిగే స్టాపు దగ్గరయ్యేకొద్దీ అంచుకి జరుగుతారో. అణిగినచోట కొత్త స్పాంజి ముక్క అంటించి, వేళ్ళకి అంటిన నల్లజిగురు ప్యాంటుకి తుడుచుకున్నాడు. వంకరసూదిలో మైనం పట్టించిన దారం ఎక్కించాడు.

ఎడమ బుడిపె చెవిలోనే ఉంది. కుడి చెవి ఫోర్‌మన్ ఈలకి వదిలేశాడు. ఒకసారి రెండూ పెట్టుకుని, వెనక్కి వస్తున్న బస్సు కింద పడబోయాక నేర్చుకున్న బుద్ధి అది. కుడి బుడిపె భుజం మీంచి వీపు వెనక వేలాడుతూ, వినేవాళ్ళు లేకపోయినా తన పాట తాను పాడుకుంటూ ఉంటుంది.

మధ్యాహ్నం వరకు మూడు సీట్లు కుట్టాడు. కుట్టుకీ కుట్టుకీ మధ్య జేబులో కాగితం తడుముకున్నాడు. డిపో వాడేసిన ఫారం వెనక నాలుగుసార్లు తిరగరాసిన కాగితం. ఈసారి తెచ్చేది మామూలు ఆల్బమ్ కాదు. బ్యాండు పేరు 'వియ్యపురాళ్ళు'. ఆల్బమ్ పేరు 'తలుపు తీయి'. ఇలాంటిది ఆయన ఎప్పుడూ వినలేదు. ఇంకెవరూ విని ఉండరు, గెలుపు ఖాయం అనిపిస్తోంది. మూడింటికి ఫోర్‌మన్ ఈల ఊదేలోపే చేతులు కడిగేసుకున్నాడు.

బాబాయి షాపులో ఆ సాయంత్రం నిలబడే చోటు లేదు. విప్పిన రేడియోలు, వైర్ల చుట్టలు, మధ్యలో నడుమెత్తున రెండు స్పీకర్లు. బాబాయికి డెబ్బై దాటాయి, టంకం పెట్టేటప్పుడు చేయి వణుకుతుంది కానీ వాల్యూం దగ్గర వణకదు. ముందు తన ఆల్బమే పెట్టాడు, 'ఇనుప చెప్పులు' వాళ్ళది. అల్మారాలో స్క్రూలు గలగలలాడాయి. తర్వాత మాస్టారి వంతు. ప్రతి పాటా తొమ్మిదేసి దెబ్బల లెక్కలో నడిచే ఆల్బమ్ అది. "ఏడు కాదు, ఎనిమిది కాదు, తొమ్మిది! వినండి, వినండి!" అంటూ తొడ మీద కొట్టుకుంటే చొక్కా జేబులోంచి సుద్దముక్క ఎగిరి పడింది. అక్క తెచ్చింది అయిదుగురు ఆడపిల్లల బ్యాండు. మూడో పాటకి తనే లేచి తల ఊపడం మొదలుపెట్టింది. తల్లో క్లిప్పు ఊడి వైర్ల చుట్టలో పడింది, ఇప్పటిదాకా దొరకలేదు.

"ఏంట్రా సీటూ, ఈసారైనా ఏమైనా తెచ్చావా, లేకపోతే పొట్టు ఊదడానికే వచ్చావా?" అన్నాడు బాబాయి.

సీటాయన లేచి నిలబడి కాగితం విప్పాడు.

"ఈ బ్యాండు పేరు వియ్యపురాళ్ళు. కానీ పాడేది ఒక్కతే. రెండో వియ్యపురాలు అలిగి రాలేదు. ఇదే ఈ ఆల్బమ్ అంతా. ఈవిడ తలుపు దగ్గర నిలబడి అడుగుతుంది, నాలుగు దెబ్బలు ఆగుతుంది. పలుకు లేదు. మళ్ళీ అడుగుతుంది. పది పాటలు, నూటపన్నెండుసార్లు అడిగింది. ఒక్కసారి కూడా జవాబు లేదు. అయినా కోపం లేదు. ఆ ఖాళీని గిటారుతో నింపే ధైర్యం కూడా చెయ్యలేదు. నాకు తెలిసి ఇంత ఓపికగా వాయించిన రాక్ ఇంకోటి లేదు."

అక్క నోట్లో బఠానీలు నమలడం ఆపేసింది. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇరవై రెండేళ్ళలో సీటాయన ఇంత బాగా ఎప్పుడూ చదవలేదు. బాబాయి మీట నొక్కాడు.

డ్రమ్ము మొదలైంది. ఎడమ స్పీకరులోంచి గిటారు, దాని మీద ఆ పిల్ల గొంతు. తలుపు తీయి. ఒకటి, రెండు...

"తీయను! పో!"

కుడి స్పీకరు అరిచింది. వెంటనే రెండో గిటారు పళ్ళు నూరుతూ మీదికొచ్చింది.

అక్క ముందు నవ్వింది. తర్వాత మాస్టారు. బాబాయి నవ్వు ఆపుకోలేక దగ్గాడు. సీటాయన మొహం పాలిపోయింది.

"ఆపు బాబాయ్, ఇంకేదో పాట కలిసిపోయింది."

"ఏమీ కలవలేదురా. ఇద్దరున్నారు. దేంతో విన్నావు నువ్వు?"

సీటాయన జేబులోంచి ఇయర్‌ఫోన్ తీసి, ఎడమ బుడిపె చెవిలో పెట్టి చూపించాడు. కుడిది అలవాటుగా భుజం మీద పడింది.

"మరి రెండోది?"

"అది మా ఆవిడది."

ఈసారి నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. నవ్వాక మాస్టారు గంభీరంగా గొంతు సవరించుకున్నాడు. "తమాషా అలా ఉంచండి. పదిసార్లు వినాలని నియమం. సగం ఆల్బమ్ పదిసార్లు వింటే నికరంగా అయిదే. ఇది చెల్లదు."

సీటాయనకి కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనైంది. "నలభై మూడుసార్లు విన్నాను మాస్టారూ."

మాస్టారు గాల్లో వేలితో రాసుకున్నాడు. "ఇరవై ఒకటిన్నర. చెల్లుతుంది."

"అయితే మళ్ళీ మొదటినుంచి పెట్టు బాబాయ్," అన్నాడు సీటాయన. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి తన స్టూలు తీసి రెండు స్పీకర్ల మధ్య వేసుకున్నాడు.

నలభై మూడుసార్లు విన్న పాట. ప్రతి దెబ్బా తెలుసు. అయినా ఎడమవైపు పిల్ల అడగగానే కుడివైపు పిల్ల కసిరేసరికి ఆయన స్టూలు మీంచి లేచిపోయాడు. ఆ నాలుగు దెబ్బల ఖాళీలో ఇంత ఇల్లుందా! వంటగది, గొళ్ళెం, తలుపవతల నిలబడ్డ మనిషి అలక, అన్నీ ఉన్నాయి. చిన్నపిల్లాడిలా అటూ ఇటూ తల తిప్పుతూ పెద్దగా నవ్వాడు. తన కాగితం అంతా తప్పే. తప్పని తేలడం ఇంత బాగుంటుందని ఆయనకి తెలియదు.

పాట అయ్యాక బాబాయి ఒక మీట పూర్తిగా ఎడమకి తిప్పాడు. "ఇప్పుడు మనవాడు విన్నది విందాం."

కుడి స్పీకరు మూగబోయింది. ఆ పిల్ల అడిగింది. నాలుగు దెబ్బలు. ఎవరూ పలకలేదు. మళ్ళీ అడిగింది. ముగ్గురూ చెవులప్పగించి కూర్చున్నారు. "ఇదీ ఒక ఆల్బమేరా," అంది అక్క చిన్నగా. "నువ్వు రాసింది నిజమే." బాబాయి మీట కుడికి తిప్పాడు. ఎవరూ అడగకుండానే ఒక గొంతు కసురుతోంది. తీయను, పో.

"మా ఆవిడ!" అని అరిచాడు సీటాయన. "మూణ్ణెల్లుగా చెవినిల్లు కట్టుకుని పోరుతోంది, తీయను అంటోందని! పెడచెవిన పెట్టాను!"

"ఒక్క ఆల్బమ్ తెమ్మంటే మూడు తెచ్చాడు వీడు," అంటూ బాబాయి తన సోడామూత సీటాయన ముందు పెట్టాడు. అక్క పెట్టింది. మాస్టారు తన తొమ్మిది దెబ్బలకేసి ఒకసారి దిగులుగా చూసుకుని, తనూ పెట్టాడు. సీటాయన జేబులోంచి వంకరసూది తీసి ఎడమ స్పీకరు చెక్క మీద తనే గీశాడు. 'వియ్యపురాళ్ళు, తలుపు తీయి, సీటు.' పొట్టు మాస్టారు ఊదాడు.

ఆరున్నర బస్సులో కిటికీ పక్క సీటు ఆపి ఉంచాడు. ఆమె తన స్టాపులో ఎక్కి కూర్చుంది.

"నవ్వారా?"

"నవ్వారు. తర్వాత గెలిచాను."

ఆమె నోరు తెరిచేలోపే అన్నాడు, "నువ్వు చెప్పిందే నిజం. తీయను అంటోంది."

ఆమె అనుమానంగా ఆయన నుదురు మీద చేయి పెట్టి చూసింది. ఇరవై ఆరేళ్ళలో ఆయన నోటివెంట ఆ మాట రాలేదు మరి. ఆయన రెండు బుడిపెలూ తీసి ఆమె రెండు చెవుల్లో పెట్టి, పాట నొక్కి, ఆమె మొహమే చూస్తూ కూర్చున్నాడు. ఒకటి, రెండు. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. ఆయన మోకాలు గట్టిగా పట్టుకుంది.

"ఇద్దరున్నారండీ!" అని అరిచింది. బస్సంతా తిరిగి చూసింది. పక్కసీట్లో భార్యతో ఉన్న పెద్దాయన తమ గురించేమోనని సర్దుకుని కూర్చున్నాడు.

మర్నాడు చెవులు మార్చుకున్నారు. రెండు రోజులు అలాగే విన్నారు. మూడోరోజు ఎవరిది వాళ్ళకే తిరిగొచ్చింది. పోట్లాడుకోవడానికి అదే బాగుందని ఇద్దరికీ అనిపించింది.

మార్చిలో ఒక మంగళవారం ఫోర్‌మన్ రెండుసార్లు ఈల ఊదినా సీటాయన లేవలేదు. కుట్టడం సగంలో ఉన్న సీటు మీదే, స్పాంజి మెత్తదనం చూస్తున్నవాడిలా వెనక్కి వాలి ఉన్నాడు. సూది రెగ్జిన్‌లో దిగి ఉంది. పాట వింటున్నాడనుకుని పక్క బల్ల దగ్గరి ఫిట్టరు కాసేపు కదపలేదు. పాట నిజంగానే అవుతోంది.

డిసెంబరు రెండో శనివారం నాలుగున్నరకి ఆయన బదులు ఆమె బాబాయి షాపుకి వచ్చింది. అక్క లేచి స్టూలు తుడిచింది. "పన్నెండుసార్లు విన్నాను," అంది ఆమె చేతిలో కాగితం విప్పుతూ. "రెండు చెవులతో. నికరంగా పన్నెండే, మాస్టారూ." మాస్టారు తల ఊపి, కళ్ళజోడు తుడుచుకోవడంలో పడ్డాడు. ఆమె మొదటి వాక్యం కాగితం చూసి చదివింది, రెండో వాక్యానికి తలెత్తింది, మూడో వాక్యానికి బాబాయితో పోట్లాటకి కూడా దిగింది.

వెళ్ళేముందు సంచిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, ఆయన పేరున్న స్పీకరు పక్కన మేకుకి తగిలించింది. ఎడమ బుడిపె మీద నల్లజిగురు వేలిముద్ర, కుడి బుడిపె మీద ఆరిపోయిన తెల్లపిండి.